ఫోన్‌లో మిగిలిన ఇల్లు

ఆ సిరీస్ ఎప్పుడొస్తుందా అని పునరావాస కాలనీ అంతా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది. చూడదా మరి! తీసింది వాళ్ళ ఊళ్ళోనే. ఓపెన్‌కాస్ట్ గని కోసం ఊరు ఖాళీ అయ్యాక, యంత్రాలు దిగకముందు, హైదరాబాద్ నుంచి ఎవరో వచ్చి ఆ వట్టి ఇళ్ళలో దయ్యాల కథ తీసుకుపోయారు. ఆ తర్వాత ఊరు గొయ్యిలో కలిసిపోయింది.

సిరీస్ విడుదలైన రోజు మెకానిక్ కుతుబుద్దీన్ కూతురు అఫ్షీన్, సిగ్నల్ దొరికే నీళ్ళ ట్యాంకు దాకా పోయి భాగాలన్నీ ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకొచ్చింది. మధ్యాహ్నం అన్నాలు తిని ఆడవాళ్ళంతా వాళ్ళ వరండాలో చేరారు. అందరికంటే ముందు కూర్చున్నది సారవ్వ. కాసిపేట నుంచి కోడలుగా వచ్చి, మగడు బొగ్గు బాయి డ్యూటీకి పోతే రెండెకరాల పత్తి ఒంటిచేత్తో చేసుకున్న మనిషి. చేను పోయినప్పుడు ఏడవలేదు. ఇల్లు పోయినప్పుడు మాత్రం, ఒక్క ఫొటో అయినా తీసిపెట్టుకోలేదే అని కుమిలిపోయింది. ఆమెకు ఆ కథతో పనిలేదు. తన ఇంటిని ఇంకొక్కసారి చూసుకోవాలి, అంతే.

తీరా చూస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. మీ ఊరి కథే అన్నారు గానీ అందులో ఒక్కరికీ ఈ ఊరి మాట రాదు. బాయి కార్మికుడి పెళ్ళాంగా వేసినామె పెళ్ళికి పోతున్నట్టు ముస్తాబై ఏడ్చింది. దయ్యానికి తెల్లచీర, విరబోసుకున్న జుట్టు, అది కనిపించినప్పుడల్లా చెవులు పగిలే సంగీతం. అసలు దయ్యాలు ఎంత గుట్టుగా ఉంటాయో తెలిసినవాళ్ళకు ఆ గోల చూస్తే నవ్వు రాదా!

"థూ, గిదేం సిరీసే! గిది జూసుడుకన్న పండుకునుడు నయం," అంటూ పోశవ్వ లేచిపోయింది. ఒకరి వెనక ఒకరు, సారవ్వ తప్ప అందరూ లేచారు.

"నా ఫోనంత నింపింది. పొద్దూకేసరికి తీసేస్త," అంది అఫ్షీన్.

మూడో భాగంలో సారవ్వ ఇల్లు వచ్చింది. అదే నీలం రంగు తలుపు, అదే లోపలి అర్ర. గోడలకు ఉత్తుత్తి బూజు అతికించి ఎర్రరంగు పులిమారు. పండగ పండగకూ అలికి ముగ్గేసిన ఇల్లది! సారవ్వ కడుపు మండిపోయింది. నాయిక కేకలు పెడుతూ బయటికి పరుగెత్తింది. ఆమె వెనక, అర్ర దర్వాజను పట్టుకుని ఒక చిన్న చెయ్యి ఉంది. నడుమెత్తున. మనిషి కనిపించదు. నాయిక వెళ్ళిపోయాక కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది.

"మల్ల పెట్టు బిడ్డా."

అఫ్షీన్ మళ్ళీ పెట్టింది. చేతికి నల్లదారం, దారానికి ఒక గవ్వ.

"షూటింగోళ్ళ పిల్ల గావచ్చు చిన్నమ్మా," అంది అఫ్షీన్. ఆ మాట ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. కథలో పిల్లలే లేరు. పైగా ఆ చెయ్యి కనిపించినప్పుడు సంగీతం కూడా లేదు. తీసినవాళ్ళు దాన్ని చూడనే లేదు.

ఆ గవ్వ కట్టింది సారవ్వే. తొలి కాన్పు బిడ్డ సంతోషి, మూడేళ్ళది. నాయన డ్యూటీ దిగి వచ్చే వేళకు ఆ దర్వాజ పట్టుకునే నిలబడేది. జ్వరమొచ్చి గోదావరిఖని దవాఖానలో పోయింది.

ఊరు విడిచిన రోజు ప్రతి ఇంటివాళ్ళూ గడప ముందు చెంబెడు నీళ్ళు పోసి, చనిపోయిన పెద్దల్ని పేరుపేరునా పిలిచారు. పిలిచాక వెనక్కి చూడకుండా నడవాలి, వాళ్ళు వెంట వస్తారు. సారవ్వ అత్తను పిలిచింది, మామను పిలిచింది, మామ తమ్ముణ్ణి కూడా పిలిచింది. పిల్లను పిలవలేదు. పాలపళ్ళు ఊడకముందే పోయినవాళ్ళు పెద్దల్లో కలవరు, పెతరమాసకు, అదే పెద్దల అమావాస్యకు, వాళ్ళ పేర బియ్యం ఇవ్వరు. అది ఆచారం. అందరూ పాటించినట్టే ఆమె కూడా పాటించింది.

సారవ్వ వరండా నుంచి ఇంటికొచ్చేసరికి మగడు రఘుపతి, గనిలో డంపర్ డ్రైవరు, ఫస్ట్ షిఫ్టు దిగి అన్నం తింటున్నాడు.

"అందర్ని పిలిచినం. పిల్లనొక్కదాన్నే ఇడిసిపెట్టొచ్చినం," అంటూ సారవ్వ కుప్పకూలి, చూసిందంతా చెప్పింది.

రఘుపతి చేతిలో ముద్దను పళ్ళెంలోనే పెట్టేశాడు. కోప్పడతాడనుకుంది. అతను తల వంచుకునే చెప్పాడు.

"మన ఇల్లున్న గా మూల మీద బండి మలిపినప్పుడల్ల ఎవలో ఎదురుసూస్తున్నట్టె ఉంటది. నీకు చెప్పలే. ఇప్పుడు ఏడికి పోయి పిలుస్తవ్? ఇల్లు లేదు, జాగ లేదు. గా మన్ను నేనే మోస్తి."

నిజమే, ఆ ఇల్లు భూమ్మీద ఎక్కడా లేదు. ఉన్నది ఒక్కచోటే, ఎవరికీ నచ్చని ఆ దిక్కుమాలిన సిరీస్‌లో. పొద్దూకితే అఫ్షీన్ ఫోన్‌లో అదీ ఉండదు. సారవ్వ చెంబు నింపుకుని ఉరికింది.

అఫ్షీన్ అప్పటికే రెండు భాగాలు తీసేసింది.

"ఆగు బిడ్డా, నీకు దండం పెడ్త. గాడ పెట్టి ఆపు."

చెయ్యి కనిపించే చోట ఆపి, అఫ్షీన్ ఫోన్‌ను వరండా గోడకు ఆనించింది. సారవ్వ దాని ముందు నీళ్ళు పోసి గొంతెత్తి పిలిచింది.

"సంతోషీ! నేనే బిడ్డా, అవ్వను. ఈడ మనకేం లేదు. దా, ఇంటికి పోదాం."

పిలిచి వెనుదిరిగింది. "యా అల్లా," అని వెనక అఫ్షీన్ కేకపెట్టింది. చూడాలని సారవ్వ ప్రాణం కొట్టుకుపోయింది. తిరిగి చూస్తే అంతా దండగ. ఆ భయంతోనే గబగబా నడిచింది.

గల్లీ మలుపులో సమ్మవ్వ అరుగు మీద బీడీలు చుడుతోంది. వేరే ఊరి మనిషి, కాలనీకి వచ్చి నెల కూడా కాలేదు, ఈ సంగతులేవీ ఎరగదు. సారవ్వ తన ముందునుంచి దాటిపోగానే చేట పక్కన పెట్టి గట్టిగా కోప్పడింది.

"ఏందే సారవ్వా, గంత ఉరుకుడు? జర మెల్లగ నడువు, పిల్ల ఎనుకవడుతున్నది."

సారవ్వ వెనక్కి చూడలేదు. నడక నెమ్మది చేసి, ఎడమ చెయ్యి కొంచెం కిందికి చాపింది.