పురుడు తీరిన రోజే మోసిన బిందె

నా మూడో కాన్పుకు పదకొండో రోజున పురుడు తీరింది. ఆ పొద్దే నన్ను నీళ్లకు పంపారు. మాది పామిడిలో బట్టల అంగడి ఉన్న ఇల్లు. మనిషిని పెట్టి నీళ్లు తెప్పించుకోలేని వాళ్లం కాదు. కానీ మడి నీళ్లు కోడలే తేవాలని మా అత్త పట్టు. డెబ్బైల చివరి కరువు అది, పెన్న ఎండిపోయింది. ఇసుకలో చెలమ తవ్వి, ఇత్తడి బిందె నింపి చంకనెత్తుకోగానే కింద ఏదో జారినట్టయింది. ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే చేతికి మెత్తగా కండ తగిలింది.

అత్తకు చెప్పాను.

"నాకూ ఉండాది. ఆడదానికి ఇది మామూలే. యాడా చెప్పొద్దు" అనింది.

నాలుగేళ్లు చెప్పలేదు. గుడ్డ బిగించి కట్టుకుని తిరిగాను. దగ్గితే మూత్రం పడేది. వాసన వస్తోందని మా ఆయన పడక వేరు చేసుకున్నాడు. ఎందుకొస్తోందని మాత్రం అడగలేదు.

రక్తం కనబడ్డాక మా అక్క నన్ను అనంతపురం ఆసుపత్రికి పిలుచుకుపోయింది. "యుటరైన్ ప్రొలాప్స్. గర్భసంచి జారింది, దాని మీద పుండు కూడా పడింది" అంది డాక్టరమ్మ. "కాన్పయిన ఎన్నాళ్లకు బరువెత్తినావు?"

చెప్పాను. ఆమె రక్తపరీక్షకు చీటీ రాసింది.

హీమోగ్లోబిన్ ఆరే ఉంది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినేదాన్ని, ఇంకెంత ఉంటుంది! ఇప్పుడే ఆపరేషన్ చేస్తే బతకవన్నారు. గర్భసంచి కిందికి జారకుండా లోపల రింగ్ పెసరీ పెట్టి, ఐరన్ మాత్రలిచ్చారు. రెండు నెలలకు ఇన్ఫెక్షన్ వచ్చి, జ్వరంతో మళ్లీ ఆసుపత్రిలో పడ్డాను. రింగు తీసేశారు. రక్తమెక్కించి, హిస్టరెక్టమీ చేసి గర్భసంచి తీసేయాలన్నారు. మొగుడి సంతకం కావాలి. మా ఆయన కాగితం పట్టుకుని నసిగాడు.

"నెలంతా ఈమె పండుకుంటే ఇంటికి నీళ్లెవరు తెస్తారు మేడమ్?"

"నువ్వు తేప్పా. నీకు చేతులుండాయి కదా!" అంది డాక్టరమ్మ.

సంతకం పెట్టాడు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు.

ఆపరేషనయ్యాక మంచం మీదున్న నా పక్కన కూర్చుని మా అత్త మెల్లగా అడిగింది: "నొప్పి పుట్టినాదా? నన్నూ పిలుచుకుపోతావా?" పిలుచుకుపోయాను. ముప్పై ఏళ్ల బాధ ఆమెది. జాలేసింది, కోపం మాత్రం పోలేదు. ఈ రోజుకీ పోలేదు.

ఇప్పుడు బాగున్నాను. అంగట్లో కూర్చుంటాను, అందరితో పాటే తింటాను. నీళ్లు బండివాడు పోస్తున్నాడు. మడికి ఏమీ కాలేదు.

కాన్పయ్యాక కింద బరువుగా, జారినట్టుగా అనిపిస్తే ఆ వారమే లేడీ డాక్టరుకు చూపించుకోండి. ఇంట్లో పెద్దామె "మామూలే" అంటే, ఆమెను కూడా వెంటబెట్టుకు పోండి.