పద్నాలుగు కోళ్లు

సబ్బవరం దాటాక కొత్తగా లేచిన కాలనీలో చిలకమ్మకి రెండు గదుల ఇల్లు, వెనక పద్నాలుగు నాటుకోళ్లు ఉండేవి. పగలు స్టీల్‌ప్లాంటు వైపు ఒక క్యాంటీన్లో గిన్నెలు తోమేది. భర్త పోలిరాజు పోర్టులో లారీ నడిపేవాడు. పక్కిల్లు అతని అక్క ధనలక్ష్మిది. ఆమెకూ కోళ్లుండేవి.

చలికాలం ముందే చిలకమ్మ గూడు కడిగి ఆరబెట్టి, అడుగున బెత్తెడు మందాన ఊక పోసేది. తడిసిన ఊక ఏ రోజుకారోజు తీసేసేది. గాలి కొట్టే వైపు గోనెసంచులు వేలాడదీసి, పైన నాలుగు వేళ్ల సందు ఉంచేది. మంచు విడిచేదాకా కోళ్లని బయటికి వదిలేది కాదు. పొద్దున గోరువెచ్చని నీళ్లు, సాయంత్రం ఇంకో గుప్పెడు చోళ్లు, అంటే రాగులు, వేసేది.

పోయిన కార్తీకంలో పశువుల ఆసుపత్రి నుంచి గోపి అనే ఉద్యోగిని పిలిపించింది. కోళ్లని గుంపులుగా చంపేసే కొక్కెర రోగానికి అతను టీకా వేస్తాడు. సీసాలో మందు వంద కోళ్లకు సరిపోతుంది, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. చిలకమ్మ వీధంతా తిరిగి చెప్పింది.

"మీ కోళ్లని కూడా తీసుకురా వదినా. మందు పారబొయ్యడవెందుకు?" అని ధనలక్ష్మిని అడిగింది.

"గుడ్లెట్టే కోళ్లకి సూదులేటి? ఇరవయ్యేళ్ల నుండి పెంసుతన్నాను నాను. నివ్వు నాకు సెప్తావేటి?"

ఎవరూ రాలేదు. పోలిరాజు ఒక్కొక్క కోడినీ పట్టుకుని రెక్క ఎత్తితే గోపి సూది వేశాడు.

పుష్యంలో చలి ముదిరింది. ధనలక్ష్మి తన గూటికి నాలుగు వైపులా పాత ఫ్లెక్సీ చుట్టేసింది. తలుపు తీస్తే రెట్ట ఘాటుకి కళ్లు మండేవి.

"పైన కాస్త సందొగ్గు వదినా. సలి కన్నా సెమ్మే సంపేస్తాది" అని చిలకమ్మ గోడ మీంచి చెప్పింది. ధనలక్ష్మి మొహం తిప్పుకుంది.

ఆ నెలలోనే రోగం వీధిలోకి దిగింది. కోళ్లు మెడలు మెలితిప్పుకుని, పచ్చగా పారుకుంటూ పడిపోయాయి. ధనలక్ష్మివి పదకొండూ వారంలో పోయాయి. చిలకమ్మవి పద్నాలుగూ నిలిచాయి. అదే ఆమె తప్పయింది.

"ఆ సూదితోనే వీధికి రోగం తెచ్చింది. దాని కోళ్లనొగ్గీసి మనవే ఎందుకు సచ్చిపోనాయి?" అని ధనలక్ష్మి కుళాయి దగ్గర అంది. మర్నాటికి వీధంతా అదే మాట.

చిలకమ్మ భర్తని అడిగింది. "నీ సేతుల్తోనే పట్టుకున్నావు కదా. ఏటేసినారో నీకు తెల్దా? మీ అక్కకి ఒక్క మాట సెప్పు."

"సెప్తే ఏటవుతాది. అది ఏడుస్తంది. ఊరుకో" అన్నాడు పోలిరాజు.

ఆదివారం ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి గూట్లో ఆరు పెట్టలు లేవు. పోలిరాజు గుడ్లు పెడుతున్నవే ఏరి అక్కకి ఇచ్చొచ్చాడు. గొడవ తీరిపోతుందన్నాడు.

ధనలక్ష్మి వాటిని ఆ తడి గూట్లోనే మూసింది. టీకా కొక్కెరని ఆపింది గానీ చెమ్మనేం చేస్తుంది? ముక్కులు కారి, గురక పట్టి, పది రోజుల్లో నాలుగు చచ్చాయి. చిలకమ్మ గోడ దగ్గరికి వెళ్లింది.

"మిగిలిన రెండూ ఇచ్చీ వదినా. నాను బతికించుకుంటాను."

"రోగం కోళ్లని అంటగట్టి, ఇప్పుడు జాలేటి?"

పోలిరాజు అక్కడే ఉన్నాడు. అంతా విన్నాడు. బీడీ పారేసి లోపలికి పోయాడు.

ఆ తర్వాతి మంగళవారం చిలకమ్మ సెలవు పెట్టింది. తన ఎనిమిది కోళ్లనీ గంపలో పెట్టి, ఎలమంచిలి దగ్గరున్న చెల్లెలు రోజారమణి ఇంటికి తీసుకెళ్లి వదిలింది. ఊక ఎలా మార్చాలో, సంచి ఏ వైపు కట్టాలో రెండుసార్లు చెప్పింది.

"నీకొకటైనా ఉంచుకోలేదేటి అక్కా?" అంది రోజారమణి.

"ఆ ఇంట్లో దేన్నీ బతికించాలని లేదే నాకు."

మర్నాడు పోలిరాజు ఖాళీ గూడు చూశాడు. "నన్నొక మాట అడగాల కదా" అన్నాడు.

చిలకమ్మ చెప్పులేసుకుని, డ్యూటీ బస్సు కోసం మెయిన్‌రోడ్డు వైపు నడిచింది.