పొలి మోకు

జూబ్లీ హిల్స్‌లో ఒక దర్శకుడి ఆఫీసులో కూర్చుని నేను రెండేళ్లుగా పల్లెటూరి భయాలు చెబుతున్నాను. ఆయన తీసేవన్నీ ఊరి దేవతలు, పొలిమేరలు, పాడుబడ్డ లోగిళ్ల సినిమాలే. నన్ను సలహాదారు అంటారు. దిష్టి అన్నం ఏ ఆకులో పెడతారు, సందెవేళ తాటితోపులో గాలి ఎలా వినిపిస్తుంది, అమ్మవారి పేరు ఎప్పుడు పలకకూడదు, ఇవి నేను చెప్పాలి. రచయితలు ఏసీ చలిలో కాళ్లు ముడుచుకుని వింటారు. వాళ్ల కుటుంబాలు ఊరు విడిచి ఒక తరం దాటింది. తిరిగి వెళ్లనక్కరలేని చోటును తలచుకుని భయపడటంలో సుఖం ఉంది.

నాకు ఆ సినిమాలు నచ్చడానికి కారణం వేరు. మా లోగిలి ఇప్పుడు లేదు. మా ఇంటిపేరు విని లేచి నిలబడేవాళ్లూ లేరు. యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటాలో ఉంటున్నాను. కానీ తెర మీద అలాంటి లోగిలి తలుపు కిర్రుమన్నప్పుడు హాలంతా ఊపిరి బిగబడుతుంది. మా వంటి వాళ్లకు జనం ఇంకా భయపడే చోటు అదొక్కటే మిగిలింది.

పోయిన వేసవిలో వాళ్లకు మా ఊరి పొలి తంతు చెప్పాను. జాతర నాడు బలి రక్తం కలిపిన అన్నాన్ని గంపలో పెట్టుకుని ఒక మనిషి సరిహద్దు వెంట చల్లుకుంటూ తాటితోపులోకి వెళతాడు. ఆ అన్నాన్నే పొలి అంటారు. అతను నోరు విప్పకూడదు, ఎవరూ అతన్ని చూడకూడదు. తోపు అంచున అతని నడుముకు మోకు, అంటే లావు తాడు, కడతారు. దాని రెండో కొస మా ఇంటి మగవాడి చేతిలో ఉంటుంది. మోకు కదిలిందంటే అమ్మవారు మనిషిని లాక్కుంటున్నట్టు. అప్పుడు ఇటు నుంచి ఇంకా గట్టిగా లాగిపట్టాలి. వదిలితే ఊరికి అరిష్టం.

ఒకసారి ఆ మనిషి తోపులోనే చనిపోయాడని కూడా చెప్పాను. మోకు పట్టుకున్నది ఎవరో చెప్పలేదు. పట్టుకున్నది నేనే. నాకు ఇరవై ఏళ్లు. మోకు మూడుసార్లు కదిలింది, మూడుసార్లూ లాగిపట్టాను. తరువాత అది బరువెక్కింది. వెళ్లి చూస్తే అతను బోర్లా పడి ఉన్నాడు. అమ్మవారు మన చేతి మీదుగా బలి అందుకుందని మా నాయనమ్మ నాకు హారతి పట్టింది. పొలాలు పోయాయి, ఇల్లు పోయింది, ఆ హారతి మాత్రం నాతో ఉంది. అది కూడా పోతే నా దగ్గర ఇంకేమీ ఉండదు.

ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోర్‌లో తాటితోపు సెట్ వేశారు. పొలి మోసే వేషానికి కృష్ణానగర్ నుంచి ఒక ముసలి జూనియర్ ఆర్టిస్టును తెచ్చారు. మోకు ముడి పొట్ట మీదికి వచ్చేలా వేశారు. నేను అది విప్పించి, వెన్ను మీద పడేలా కట్టించాను.

"సారూ, ముడి నాకు అందుతలేదు," అన్నాడు అతను.

"అందకూడదు. పద్ధతి అది."

"ఎందుకట్ల?"

"అమ్మవారు లాక్కుపోకుండా."

అతను మోకును చేత్తో తడిమాడు. "అమ్మవారు గుంజకుండనా, మనిషి ఉరకకుండనా?"

పక్కనున్న లైట్‌మ్యాన్ నవ్వాడు. ముసలాయన నవ్వలేదు. "నోరు తెరవొద్దంటిరి. ముడి అందదంటిరి. గాడ వానికి పాణం బాగలేకుంటే ఎట్ల చెప్పాలె సారూ? మోకు గుంజుడే గద."

ఇంతలో దర్శకుడు పిలిచాడు.

"సర్, మావాళ్లకి ఆ పట్టు రావట్లేదండీ. ఫ్రేమ్‌లో చేతులే ఉంటాయి. మీరే పట్టుకోండి ప్లీజ్."

పట్టుకున్నాను. ముసలాయన గంపతో చెట్ల వెనక్కి వెళ్లాడు. కాసేపటికి, చెప్పిన ప్రకారమే, మోకు కదిలింది. నేను వదిలేశాను.

"కట్. ఏమైంది సర్?"

"మా ఊళ్లో పట్టుకున్నది నేనే," అన్నాను. "ఒంట్లో బాగాలేక అతను లాగాడు. నేను వెనక్కి లాగాను. అతను చచ్చిపోయాడు."

నలభై ఏళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. దర్శకుడు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

"ఇది మన సినిమాకి ప్రాణం సర్. ఇన్నాళ్లు ఎందుకు దాచారు? నిజంగా జరిగిన కథ అని పోస్టర్ మీద వేద్దాం. ప్రమోషన్స్‌లో ఇలాగే, ఇదే గొంతుతో చెప్పండి. సరే, వన్ మోర్ వెళ్దాం."

నా వల్ల కాదన్నాను. ముసలాయన అట్ట చెట్ల మధ్య నుంచి మోకు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"పట్టుండ్రి సారూ. పొద్దుగాల్నుంచి గీ ఒక్క షాట్ కోసమే నిలవడ్డ. మీరు వద్దంటే షాట్ ఆగుతది, రేపు వేషం ఇంకొకనికి పోతది."

మోకు కొస ఆయనే నా చేతిలో పెట్టాడు. పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"గాయనకు పిల్లలుండెనా?"

"తెలియదు," అన్నాను. "అడగలేదు."

ఆయన గంప నెత్తికి ఎత్తుకుని తోపులోకి నడిచాడు. ఆ షాట్‌లో మోకు కదిలినప్పుడు నేను వెనక్కి లాగాను. బాగా వచ్చిందని అందరూ చప్పట్లు కొట్టారు.