మళ్ళీ చెప్పమనే మాస్టారు

వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారికి ఏదీ ఒక్కసారి చెబితే అర్థం కాదు. నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, తెనాలి వర్తక సంఘం కొట్ల వాళ్లకు ఫోనులో వ్యాపారం నేర్పే క్లాసులో ముందు బెంచీ మీద చేరి, "మళ్ళీ చెప్పమ్మా" అంటూ పాఠం చెప్పే సంజన ప్రాణం తోడేసేవారు. పోనీ ఆయనకేమన్నా కొట్టుందా అంటే అదీ లేదు. "జంధ్యాలు ఆన్‌లైన్లో అమ్ముదామనండి" అనేవారు గంభీరంగా.

పక్కనే కూర్చునే వసుంధరకు మాత్రం ఆయన్ని చూస్తే కొండంత ధైర్యం. ఆమెకూ ఏమీ ఎక్కడం లేదు మరి. అడిగితే నలుగురూ నవ్వుతారని నోరు కుట్టేసుకుని కూర్చునేది. తనకంటే మొద్దు ఇంకొకరున్నారని లోలోపల మహా సంతోషం.

ఆమెది మ్యాచింగ్ సెంటరు. ఒకప్పుడు చీరలు పట్టుకుని రైలెక్కి వచ్చే బాపట్ల, రేపల్లె ఆడవాళ్లు ఇప్పుడు ఫోటో పెట్టమంటున్నారు. పెడితే రంగు తప్పుతోంది. కొట్టుకు సగం బేరమిచ్చే బాపట్ల టైలరు ఝాన్సీలక్ష్మి తేల్చి చెప్పేసింది. "వంకాయ రంగని ఫోటో పెట్టి నేరేడు రంగు పంపారు. ఇంకోసారి ఇలా అయితే వేరే కొట్టు చూసుకుంటానండి."

ఈ గోడు వసుంధర ఫోనులో చెప్పుకుంటుంటే పక్కన మాస్టారు గోళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. క్లాసు మొదలవగానే లేచారు.

"అమ్మా సంజనా, జంధ్యాలు లైటు కింద ఫోటో తీస్తే పసుపు రాసినట్టు వస్తున్నాయి. వాకిట్లోకి తీసుకెళ్లి పగటి వెలుతురులో తీస్తే ఫోనుకేమైనా అవుతుందా?"

క్లాసంతా గొల్లుమంది. "గొడుగు పట్టి తీయండి మాస్టారూ" అన్నాడు ఇత్తడి సామాన్ల అజయ్ బాబు.

వసుంధర నవ్వలేదు. ముప్పై ఏళ్లుగా చీరనీ జాకెట్టు ముక్కనీ వాకిట్లోకి తీసుకెళ్లి, వెలుతురులో రంగు చూపించి అమ్ముతున్న మనిషి, ఫోటో మాత్రం కొట్టు లోపల లైటు కింద తీస్తోంది. తన నెత్తి తనే మొట్టుకుంది. మర్నాడు గుమ్మం ముందు తీసి పంపితే, వారంలో ఝాన్సీలక్ష్మి ఇరవై ముక్కలకు ఆర్డరిచ్చింది.

మూడు నెలల తర్వాత సరుకివ్వడానికి రేపల్లె వెళ్లిన వసుంధర, సంజన అక్కడ క్లాసు చెబుతోందని తెలిసి తొంగిచూసింది. ముందు బెంచీ మీద మాస్టారు.

"ఈయనకింకా రాలేదా?" అంది, గుమ్మంలోకి వచ్చిన సంజనతో.

"ఊరుకోండి ఆంటీ. నాకు నేర్పిందే ఆయన" అని సంజన గొంతు తగ్గించింది. "ఎవరు ఎక్కడ ఆగిపోయారో పక్కన కూర్చుని చూస్తారు. వాళ్లకు బదులు ఆయన అడుగుతారు."

వసుంధరకు సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. లోపల మాస్టారి పక్కన అప్పడాలు అమ్మే ఆదిలక్ష్మి, ఫోను ఒళ్లో పెట్టుకుని చెమటలు కక్కుతోంది. మాస్టారు వసుంధరను చూసి, ఎన్నడూ ఎరగనట్టు మొహం పెట్టారు.

"అమ్మా, మీరు తెలిసినవారిలా ఉన్నారు. ఫోటో కింద ధర ఎక్కడ రాయాలో కాస్త చెబుతారా? నా బుర్రకెక్కట్లేదు."

వసుంధర ఇద్దరి మధ్యా కూర్చుని, ఆదిలక్ష్మికి కూడా కనబడేలా ఫోను పట్టుకుని చెప్పింది. మాస్టారు తప్పు నొక్కారు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ తప్పే నొక్కారు.

మూడోసారి ఆదిలక్ష్మికి విసుగొచ్చింది. "అక్కడ కాదండీ బాబూ, ఇటు చూడండి" అని తన ఫోను తీసి, ధర తనే రాసి చూపించింది.