పసుపు కింద దాగిన కామెర్లు

తాడేపల్లిగూడెంలో మా వంటింట్లో కొర్రమీను పులుసు మరుగుతుంటే ఆ వాసనకి పిల్లలు వీధిలోంచి పరిగెత్తుకొస్తారు గానీ, నేను మాత్రం ముందు వాళ్ల కళ్లల్లోకి చూస్తాను, తెలుపు తెలుపుగానే ఉందా లేదా అని. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. కొల్లేరు లంకలో పుట్టిన పిల్ల చేపల కూర వద్దందంటే దానర్థమేమిటో ఒక్కరికీ తట్టని ఇంట్లో పెరిగినదాన్ని.

ఆ యేడు వానలకి కొల్లేరు పొంగి, మంచినీళ్ల చెరువూ వరదనీళ్లూ ఏకమైపోయాయి. మేం తామరకాడలు పీక్కుంటూ, దోనె అంచున కూర్చుని కాళ్లాడిస్తూ, దాహమేస్తే ఆ నీళ్లే దోసిట పట్టి తాగుతూ, వరదని పండగ చేసుకున్నాం. ఇంట్లో అమ్మ పటిక తిప్పి తేటనీళ్లే ఇచ్చేది. బయట మేం తాగేది ఆవిడకేం తెలుసు? కొన్ని వారాలకి నా చెల్లెలు చంటికి జ్వరం, వాంతులు. పులుసు గిన్నె మూత తీస్తే చాలు, ముక్కు మూసుకునేది. దురదపెట్టి గోక్కుని ఒళ్లంతా దద్దుర్లు తేలేసరికి, మా నాయనమ్మ ఆటలమ్మ పోసిందని తేల్చేసింది. అమ్మవారున్న ఇంట్లో మందు మింగకూడదు, పోపు పెట్టకూడదు. వేపాకు పరిచి, దానిమీద చంటిని పడుకోబెట్టి, ఒళ్లంతా పసుపు రాసింది. ఇక పిల్ల పచ్చగా ఉందంటే ఎవరు పట్టించుకుంటారు? "మా బంగారు బొమ్మ" అని మెటికలు కూడా విరిచింది.

ఒంటేలు డికాషన్‌లా పోస్తోందనీ, దొడ్డికి సుద్దలా తెల్లగా వస్తోందనీ అమ్మే కనిపెట్టింది. నాన్న దోనెలో ఒడ్డుకు చేర్చి, బస్సెక్కించి, ఏలూరులో పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నాకూ వికారంగా ఉందంటే నన్నూ లాక్కెళ్లారు. డాక్టరమ్మ తడి దూదితో చంటి చెంప తుడిచింది. పసుపు వచ్చింది. మళ్లీ మళ్లీ తుడిచింది. చివరికి దూది తెల్లగానే ఉంది, చెంప మాత్రం పచ్చగానే ఉంది.

"ఇది పసుపు కాదండీ, కామెర్లు," అంది నాన్నతో.

ఇద్దరికీ ఒకే మంచం. వార్డు నిండా మాలాంటివాళ్లే, గోళ్లతో ఒళ్లు రక్కుకునేవాళ్లు, కుడి డొక్క కింద నొక్కితే కెవ్వుమనేవాళ్లు. నా కళ్లూ పచ్చబడ్డాయి గానీ ఆకలి తిరిగొచ్చింది. చంటికి రాలేదు. "రంగు చూసి భయపడకండమ్మా, చాలామందికి తగ్గిపోద్ది. మత్తుగా పడున్నా, మాట తేడాగా వచ్చినా వెంటనే పిలవండి," అంది డాక్టరమ్మ. ఇక అమ్మకి అదే పని. చంటి కన్ను మూస్తే చాలు, "నీ పేరేంటే? అక్క పేరేంటే?" అని కుదిపేది. అది నోరు తెరిచేదాకా, చెప్పి చావవే అని లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

పొద్దున సూదికి వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చిన పిల్ల, సాయంత్రం గుచ్చితే కిక్కురుమనలేదు. అమ్మ బుగ్గలు తట్టింది. చంటి కళ్లు తెరిచి, అమ్మ ముఖంలోకి చాలాసేపు చూసి, "మీరెవరండీ?" అంది.

అమ్మ కేకకి డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. చేయగలిగిందంతా చేశారు. చంటి మాకు దక్కలేదు. "దాని రంగు నేనే కప్పెట్టేశానే," అని నాయనమ్మ చాన్నాళ్లు తల బాదుకుంది. ముందే తెచ్చినా దక్కేదో లేదో, డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది.

ఇప్పుడా దోనెలు లేవు. తామరలున్న చోట చేపల చెరువుల గట్లు లేచాయి. లంకలోకి కుళాయి వచ్చింది, ఆ కామెర్లకి టీకా కూడా వచ్చింది. మొన్న నా కూతురికి వేయిస్తుంటే అది క్లినిక్ కప్పు లేచిపోయేలా గోల పెట్టింది. నలుగురిలో సిగ్గేసి, నోరు మూయమని కసిరాను. పక్కనున్న అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏడవనీవే," అంది. "ఏడుస్తోంది కదా."