బ్రేకు పక్కన చెక్కముక్క

"పరిగెత్తితే దాని ఊపిరి ఆగిపోతుందేమోనని భయం పిన్నత్తగారూ."

ఎర్ర లైటు దగ్గర కారు ఆపి ఈ మాట అన్నాను. అనీ అనకముందే పచ్చ లైటు పడింది. వెనక లారీ చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది.

"భయపడుదువుగానిలే, ముందు క్లచ్ వదులు. మెల్లగా... మెల్లగా అన్నాను! అదేం పగబట్టిన పాము కాదు, అలా తొక్కకు."

కారు రెండు గంతులు వేసి చచ్చి ఊరుకుంది. లారీ డ్రైవరు తల బయటపెట్టి ఏదో అన్నాడు. పిన్నత్తగారు అద్దం దించి, "నేర్చుకుంటున్నాడు నాయనా! నువ్వు స్టీరింగు పట్టుకునే పుట్టావా?" అని అడిగి మళ్ళీ అద్దం ఎక్కించారు. తర్వాత నా వైపు తిరిగి, "ఊఁ, ఇప్పుడు చెప్పు. ఎవరి ఊపిరి?" అన్నారు.

ఆవిడ నా భార్యకు పిన్ని. డ్రైవింగు నేర్పడం ఆవిడ పని. ఇంట్లో కలిస్తే నన్ను "అల్లుడుగారూ" అని పిలిచి, కుర్చీ చూపించి, నేను కూర్చున్నాకే తను కూర్చుంటారు. కారెక్కగానే ఆ మర్యాదంతా డిక్కీలో పెట్టి తాళం వేస్తారు. మొదటి రోజే చెప్పేశారు: "చూడు బాబూ, ఈ తలుపు పడ్డాక అత్తా లేదు, అల్లుడూ లేడు. తప్పు చేస్తే తిడతాను. దిగాక మళ్ళీ మీరు, గారు, అన్నీ మామూలే."

ఊపిరి సంగతి మా అమ్మాయిది. ఐదేళ్ళది. సన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూ ఉంటుందని దాన్ని పిచ్చుక అంటాం. పోయిన చలికాలంలో దానికి ఉబ్బసం బయటపడింది. ఒక తెల్లవారుజామున మంచం మీద లేచి కూర్చుని, గాలి కోసం భుజాలు ఎగరేస్తూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఆసుపత్రిలో తేరుకుంది. మందులు కుదిరాయి. డాక్టరు, "ఆడనివ్వండి, పరిగెత్తనివ్వండి. పరుగుకు ముందు ఇన్‌హేలర్ ఇవ్వండి. దగ్గొస్తే ఆగడం తనకు నేర్పండి," అన్నారు.

ఇన్‌హేలర్ ఇవ్వడం నేర్చుకున్నాను. పరిగెత్తనివ్వడమే నా వల్ల కాలేదు.

నేను రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టును. డబ్బాలు బయటికి వెళ్ళే ముందు లోపలి రంగు చిక్కగా ఉందా, ఎంతసేపటికి ఆరుతుంది, ఆరాక పగులుతుందా అని చూడటం నా ఉద్యోగం. కొలిచి చూడనిదే దేన్నీ నమ్మని అలవాటు ఇంటికి కూడా నాతో వచ్చేసింది. గాలిలో దుమ్మెంతుందో చూపించే చిన్న పెట్టె ఒకటి కొన్నాను. వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు సరేసరి. పిచ్చుక బాల్కనీలోకి వెళ్ళాలన్నా ముందు ఆ పెట్టె ఒప్పుకోవాలి. నా భార్య నర్సు. రోజంతా నిజమైన రోగులను చూసి ఇంటికొచ్చేది. "నీ పెట్టెకి ఇంకో పెట్టె కొను, అది బాగా పనిచేస్తోందో లేదో చూడటానికి," అనేది.

డ్రైవింగు నేర్చుకోమన్నదీ తనే. ఎండలు తగ్గి, వానలు వెలిసి, చెట్లు ఆకులు రాల్చడం మొదలుపెట్టిన రోజులవి. ఊరి బయట గాలి శుభ్రంగా ఉంటుంది. బస్సులో తీసుకెళ్దామంటే ఆ జనం, ఆ పొగ. "పిన్ని కారు ఆదివారాలు ఖాళీయే. నువ్వు నేర్చుకుంటే అందరం వెళ్ళొచ్చు. చలి ముదిరితే మళ్ళీ దాన్ని నాలుగు గోడల మధ్యే కూర్చోబెట్టాలి," అంది. ఆ వారమే పిన్నత్తగారి దగ్గర పాఠాలు మొదలుపెట్టాను.

పిన్నత్తగారి కారు తెల్లటి చిన్న బండి. నెత్తి మీద పసుపుపచ్చ బోర్డు. ఎడమ వైపు డోరు లోపలి నుంచి ఒక విధంగా, బయటి నుంచి ఇంకో విధంగా తెరవాలి. ఆవిడ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు తడబడితే తొక్కడానికి. దాని పక్కనే నేలకు మేకులతో బిగించిన చిన్న చెక్కముక్క. కారెక్కగానే కుడికాలి చెప్పు విప్పి, పాదం ఆ చెక్క మీద పెట్టుకుంటారు. ఏళ్ళ తరబడి రాసుకుని అది నున్నగా అయిపోయింది. అదెందుకో అడిగితే, "కాలు నొప్పి," అని కొట్టిపారేశారు.

అసలు కథ ఇంట్లో నా భార్య చెప్పింది. పెళ్ళికి ముందు నుంచీ పిన్ని చేతి తొడుగులు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసేదట. అది మూతపడ్డాక, మెకానిక్ అయిన బాబాయి కుదిర్చిన పాత కారుతో డ్రైవింగు స్కూలు పెట్టింది. మొదటి బ్యాచి అంతా ఆడవాళ్ళే. పిల్లల్ని సాకినట్టు సాకింది వాళ్ళను. ఎదురుగా కుక్క కనిపిస్తే చాలు, వాళ్ళకంటే ముందు తనే బ్రేకు తొక్కేసేది. ఒక్కరికీ గీత పడలేదు. లైసెన్సు పరీక్షకు అందరినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. అక్కడ బండి వేరు, పక్క సీట్లో ఆఫీసరు. ఒక్కరూ గట్టెక్కలేదు.

"ఆఫీసరు పిన్నిని పిలిచి ఏమన్నాడో తెలుసా? 'నడపడం అందరికీ బాగా వచ్చమ్మా, ఆపడం ఒక్కరికీ రాదు,' అన్నాడట."

నేను పడీపడీ నవ్వాను. నా భార్య నవ్వలేదు. "అప్పట్నుంచి ఊళ్ళో ఆవిడ పేరు బ్రేకమ్మ. ఎంత ఏడ్చిందో అమ్మ చెప్పేది. ఆ తర్వాతే, కాలు ఊరికే బ్రేకు మీదికి పోకుండా, బాబాయి చేత ఆ చెక్క కొట్టించుకుంది," అంది.

మొత్తానికి నాకు లైసెన్సు వచ్చింది. ఆదివారాలు మొదలయ్యాయి.

మొదటి ఆదివారం చెరువు గట్టుకు వెళ్ళాం. నా భార్యకు డ్యూటీ. నేను, పిచ్చుక, పిన్నత్తగారు. గట్టు పొడవునా చెట్లు, కింద పసుపు, గోధుమ రంగు ఆకులు మోకాలి లోతున. నేను దుప్పటి పరిచి, పెట్టె తీసి గాలి చూసి, క్లిప్పు తీసి వేలు చూసి, పిచ్చుకను దుప్పటి మధ్యలో కూర్చోబెట్టాను. అది ఉడికించిన గుడ్డు తింటూ తోటి పిల్లలు ఆకులు ఎగజిమ్ముకోవడం చూస్తోంది. ఒక పిల్ల వచ్చి, "ఆడదాం రా," అంది.

పిచ్చుక నా వైపు చూడలేదు. నన్ను అడగనూ లేదు. "నేను రాను. నాకు ఆయాసం," అంది, ఎంతో పెద్దరికంగా. ఆ క్షణంలో దానికి ఏ ఆయాసమూ లేదు. ఊపిరి నా ఊపిరి కంటే నెమ్మదిగా ఉంది.

ఆ పిల్ల భుజాలు ఎగరేసి వెళ్ళిపోయింది. పిచ్చుక గుడ్డులోని పచ్చసొన జాగ్రత్తగా విడదీసి చిన్నమ్మమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని నోట్లో వేసుకుని, "అల్లుడుగారూ, మీ పెట్టె ఏమంటోంది?" అని అడిగారు.

"గాలి బాగానే ఉందంటోందండీ."

"అలాగా," అన్నారు. మరో మాట అని ఉంటే కోపం తెచ్చుకుని తప్పించుకునేవాణ్ణి.

ఆ వారం నేను సరిగా పనిచేయలేదు. ఒక నీలం రంగు డబ్బాను రెండుసార్లు పరీక్షించి, రెండుసార్లూ రాసుకోవడం మర్చిపోయాను. పిచ్చుకకు ఊపిరాడకుండా పోతుందేమోనని కదా నా భయం? ఊపిరి బాగా ఆడుతున్నప్పుడు కూడా కదలని పిల్లను తయారుచేస్తున్నాను. పెద్దయ్యాక దాన్ని ఎవరూ ఆపక్కర్లేదు, తనే కూర్చుండిపోతుంది. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి, పరుగు గురించి అంతా మొదటి నుంచి చెప్పించుకున్నాను. ప్రతి సాయంత్రం పిచ్చుకా నేనూ హాల్లో ఆట ఆడాం. నాలుగు అడుగులు పరుగు, ఆగడం, మోకాళ్ళ మీద చేతులు, కొవ్వొత్తి ఊదినట్టు పెదాలు గుండ్రంగా పెట్టి మెల్లగా గాలి వదలడం. "ఆయాసం రాకపోయినా ఆగాలా నాన్నా?" అంది. "ఇప్పుడు ఉత్తుత్తికే. వచ్చినప్పుడు నీకే తెలుస్తుంది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తర్వాతి ఆదివారం ఊరి బయట కొండవాలుకు వెళ్ళాం. ఈసారి నా భార్య కూడా వచ్చింది, కానీ రాత్రి డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది. "ఇవాళ డ్యూటీ నీది," అని చెప్పి, చెట్టు కింద దుప్పటి మీద మొహాన చున్నీ కప్పుకుని రెండు నిమిషాల్లో గురక మొదలుపెట్టింది. పెట్టె కారులోనే వదిలేశాను. మర్చిపోలేదు, వదిలేశాను. పిచ్చుకకు ఇన్‌హేలర్ ఇచ్చి, కాసేపు ఆగి, "వెళ్ళు," అన్నాను.

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. నాకు కనిపించేంత దూరం."

అది ముందు నడిచింది. తర్వాత ఆకుల కుప్పను ఒక తన్ను తన్ని, వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నేను నవ్వాను, ఎలా నవ్వానో నాకే తెలియదు. అంతే, వాలు మీదుగా కిందికి పరుగు. జుట్టు ఊడిపోయింది, ఒక చెప్పు ఎగిరిపోయింది. మాకు కొంత దూరంలో మరో కుటుంబం వాళ్ళ కుక్కపిల్లను వదిలితే, దాని వెంట పైకి, కిందికి, మళ్ళీ పైకి.

అప్పుడు దగ్గు వినిపించింది.

ఒకటి. ఆ వెంటనే ఇంకొకటి. పిన్నత్తగారు దిగ్గున లేచారు. "అల్లుడూ! చూస్తావేం, వెళ్ళి పట్టుకో! ఏయ్ పిచ్చుకా, ఆగు!" అని కేకేశారు. మీరు, గారు అన్నీ గాలికి కొట్టుకుపోయాయి. ఆవిడ కుడికాలు అప్పటికే చెప్పులోంచి బయటికి వచ్చేసి, నేల మీద ఏదో తొక్కుతోంది.

నా కాళ్ళు కూడా పరుగుకు సిద్ధంగానే ఉన్నాయి. చెయ్యి జేబులో ఇన్‌హేలర్ పట్టుకునే ఉంది. పిల్ల పది అంగల దూరంలో ఉంది. మొహం ఎర్రగా ఉంది గానీ పెదాలు నీలంగా లేవు. భుజాలు ఎగరడం లేదు. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "కాలు చెక్క మీద పెట్టండి పిన్నత్తగారూ," అన్నాను.

ఆవిడ నా వైపు మింగేసేలా చూశారు. కానీ ఆగారు.

కుక్కపిల్ల ముందుకు వెళ్ళిపోయింది. పిచ్చుక వెళ్ళలేదు. నిలబడిపోయింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పెదాలు గుండ్రంగా చేసి, కనిపించని కొవ్వొత్తిని మెల్లగా ఊదింది. మళ్ళీ ఊదింది. ఆ తర్వాత ఒక కాలికి చెప్పు లేకుండానే, తొందర లేకుండా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"పంపు ఇవ్వు నాన్నా. ఇందాక ఉత్తుత్తికి కాదు, నిజంగానే వచ్చింది. నేనే ఆగాను, చూశావా?"

"చూశాను."

మందు తీసుకుని నా ఒళ్ళో కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసి చూస్తున్నాను, ఊపిరి ఒక్కొక్కటే నెమ్మదిస్తోంది. కొంతసేపటికి లేచి, "ఇంక కొంచెమే ఆడతా," అని చెప్పి, ఈసారి నడుచుకుంటూ ఆకుల వైపు వెళ్ళింది. చెట్టు కింద నా భార్య చున్నీ తీయకుండానే, "అయిందా?" అంది.

"నిద్రపోవడం లేదా నువ్వు?"

"మొదటి దగ్గు నుంచీ మేలుకునే ఉన్నా. మీ ఇద్దరిలో ముందు ఎవరు పరిగెడతారో చూద్దామని."

తిరుగు ప్రయాణంలో పిచ్చుక వెనక సీట్లో తల్లి ఒళ్ళో తల పెట్టి నిద్రపోయింది. పిడికిట్లో ఎర్రటి ఆకు ఒకటి నలిగిపోయి ఉంది. పిన్నత్తగారు పాదం చెక్క మీద పెట్టుకున్నారు.

"ఇన్నేళ్ళు ఎంతమందికో నేర్పాను. ఇవాళ నా కాలు నా మాట వినలేదు," అన్నారు.

"నాదీ వినలేదండీ. చెయ్యి జేబులో ఇరుక్కుపోయింది కాబట్టి సరిపోయింది."

ఆవిడ గట్టిగా నవ్వి, వెనక నిద్రపోతున్న పిల్ల గుర్తొచ్చి నోరు మూసుకున్నారు. తర్వాత నా వైపు కొంచెం వంగి, డ్రైవింగు పాఠం చెప్పే గొంతుతోనే, మెల్లగా చెప్పారు. ఇప్పుడు చలి ముదిరింది, ఆకులన్నీ రాలిపోయాయి, అయినా పిచ్చుకతో పార్కుకు వెళ్ళి జారుడుబల్ల దగ్గర నిలబడుతున్న ప్రతి సాయంత్రమూ నేను పాటిస్తున్నది ఆ మాటే.

"చెయ్యి జేబులోనే ఉంచుకో అల్లుడూ. ఉత్త చెయ్యి కాదు, మందు పట్టుకునే. అది అడిగితే తియ్యి. అడగలేని స్థితిలో ఉంటే అడక్కుండానే తియ్యి. మిగతా సేపంతా జేబులోనే ఉండనివ్వు."