ఫ్యాక్టరీని నేనే మాయం చేశాను

మొన్న మా ఫ్యాక్టరీ కనబడకుండా పోయింది అక్కా! నవ్వకండి, నిజం. పోగొట్టింది ఇంకెవరో కాదు, నేనే. టీ తాగండి, చెప్తాను.

కోవిల్‌పట్టిలో మా ఇంటి వెనక షెడ్డులో మేం శనక్కాయ మిఠాయి చేస్తాం కదా. మా పక్కిల్లు ఎస్తర్ టీచరుది. బంగారంలాంటి మనిషి. కానీ మా పొయ్యి పొగంతా ఆమె ఆరేసిన తెల్లచీరల మీదికే. శనక్కాయ పొట్టు ఎగిరి ఆమె వడియాల మీద పడేది. ఆమె ఎప్పుడూ గొడవ పడలేదు. "ఏమ్మా, ఈసారి వడియాల్లో పొట్టు కొంచెం ఎక్కువైంది" అనేది, అంతే.

షెడ్డుకి పర్మిషన్ అడిగితే ఆఫీసు నుంచి సార్ వచ్చి చూశాడు. "ఫ్యాక్టరీకీ పక్కింటికీ మధ్య పది అడుగులు వదలండి. అందులో చెట్లు దట్టంగా పెంచండి. పక్కింటికి మీ పొగ పోకూడదు, మీ షెడ్డు కనబడకూడదు. వానలు వెళ్లాక వచ్చి చూస్తా. అది ఉంటేనే పర్మిషన్" అన్నాడు.

కనబడకూడదు! ఆ మాట ఒక్కటే నా తలలో నిలిచిపోయింది.

టీచరు పక్క వరసగా అవిసె చెట్లు పెట్టాను. వాటి ముందు గోరింట కంచె. మన నల్లమట్టి సంగతి తెలుసు కదా, వాన పడితే చాలు. అవి లేస్తుంటే నాకు ఉత్సాహం ఆగలేదు. రోడ్డు పక్క కూడా వెదురు పందిరి వేసి సొర, బీర, చిక్కుడు పాకించాను.

"రోడ్డు పక్క ఎందుకే? ఆయన టీచరు పక్క కదా చెప్పింది?" అన్నాడు మా ఆయన.

"నువ్వు ఊరకుండు మావా. చేసేదేదో నిండుగా చెయ్యాలి."

నిండుగానే అయింది. మా బోర్డు మీద చిక్కుడు, గేటు మీద సొర. మా పనివాళ్లే వంగి దూరి వచ్చేవాళ్లు.

సార్ వచ్చే రోజు ఇంకో తెలివి చూపించాను. పొగ రాకూడదని పొద్దున్నే పాకం దించేసి పొయ్యి ఆర్పించాను. పనిచేసే ఆడవాళ్లతో, "సార్ వచ్చి వెళ్లేదాకా ఎవరూ గట్టిగా మాట్లాడకండమ్మా" అన్నాను. అందరం షెడ్డులో గప్‌చిప్‌గా కూచున్నాం. సార్ కోసం టంబ్లర్‌లో కాఫీ రెడీ.

అప్పుడు రోడ్డు మీద ఆయన గొంతు వినబడింది. టీచరు బడికి వెళ్లింది. ఇంట్లో వాళ్ల అత్త. పాపం, చెవుడు.

"పాటీ, ఇక్కడ మిఠాయి ఫ్యాక్టరీ ఎక్కడ?" అని ఆ ముసలమ్మని అరవంలో అడిగాడు.

"మిఠాయా? బస్టాండు దగ్గర అమ్ముతారు నాయనా, పో!"

ఆయన అటూ ఇటూ నడిచాడు. తర్వాత తనలో తనే అనుకుంటున్నట్టు, "పోయినసారి ఇక్కడే చూశానే, ఫ్యాక్టరీ ఏది? ఉత్త తోటే ఉంది" అన్నాడు.

నాకు ఎంత సంతోషమో! మా ఆయన్ని గిల్లి, "విన్నావా మావా? తోట అంటున్నాడు! మనం పాసయ్యాం!" అన్నాను. ఆడవాళ్లమంతా నోళ్లు మూసుకుని నవ్వుకున్నాం.

కాసేపు చూశాం. సార్ లోపలికి రాలేదు. ఇంకాసేపు చూశాం. కాఫీకి మీగడ కట్టింది.

మా ఆయనే మెల్లగా అన్నాడు: "ఏమే... ఆయన వెళ్లిపోయినట్టున్నాడే?"

అమ్మో! ఫ్యాక్టరీ లేదని రాసేసుకుంటే పర్మిషన్ ఎవరికిస్తారు? "ఎస్టీడీ బూత్‌కి పోయి ఆఫీసుకు ఫోన్ చేస్తా" అన్నాడు మా ఆయన. "నువ్వు ఫోన్ చేసేలోపు ఆయన బస్సెక్కేస్తాడు, తియ్ మోపెడ్డు!" అన్నాను. నా చేతులకు పాకం అలాగే ఉంది. మా ఆయన చొక్కా పట్టుకుని వెనక కూచుంటే చెయ్యి ఒక పట్టాన ఊడి రాలేదు.

స్టాపులో ఎట్టయాపురం బస్సు కదలబోతోంది. కిటికీ పక్కన సార్!

"సార్! ఫ్యాక్టరీ ఉంది సార్! ఉంది!" అని బస్సు వెంట పరిగెత్తాను. బస్సులో జనమంతా తలలు బయటపెట్టారు. కండక్టరు విజిల్ ఊది, "ఎక్కుతావా అమ్మా, లేకపోతే అరుస్తూనే ఉంటావా?" అన్నాడు.

సార్ దిగాడు. "వీధంతా చూశానమ్మా. అక్కడ ఒక తోట తప్ప ఏమీ లేదే?"

"ఆ తోటే సార్ మా ఫ్యాక్టరీ!"

వెనక్కి తీసుకొచ్చాం. గేటు దగ్గర వంగి దూరబోతుంటే ఇంత లావు సొరకాయ ఆయన నెత్తికి టంగుమని తగిలింది. నా ప్రాణం పోయిందనుకోండి! ఆయన తల రుద్దుకుని, చుట్టూ చూసి, పకపకా నవ్వాడు. టీచరు పక్క చెట్లు చూసి భేష్ అన్నాడు. "రోడ్డు పక్క పందిరి మాత్రం ఈరోజే తీసెయ్యండి. రేపు నిప్పంటుకుంటే ఫైర్ ఇంజిన్ వాళ్లు వచ్చి, ఇదేదో తోట అనుకుని సొరకాయలు కోసుకుని పోతారు!"

మీగడ తీసి, కాఫీ మళ్లీ వేడి చేసి ఇచ్చాను. తాగి, పర్మిషన్ వస్తుందని చెప్పి వెళ్లాడు. సాయంత్రానికి పందిరి పీకేశాం. కాయలన్నీ టీచరింటికీ పనివాళ్లకీ పంచాం. టీచరు చీరలు ఇప్పుడు తెల్లగా ఆరుతున్నాయి, అది చాలు నాకు.

నిన్న మా ఆయనతో, "బోర్డు పాతదైపోయింది మావా, ఇంకా పెద్దది రాయిద్దాం. ఈసారి ఎవరికైనా కనబడాలి" అన్నాను.

నన్ను కిందినుంచి పైదాకా చూసి, "బోర్డెందుకే దండగ? ఆఫీసర్లు వచ్చే రోజు నువ్వు గేటు ముందు నిలబడు. నిన్ను దాచేంత పందిరి ఇంకా ఎవరూ వెయ్యలేదు" అన్నాడు.

కోపం రాలేదక్కా. కొలత సరిగ్గానే చెప్పాడు!